పాత కాంటెస్సాకి గేర్‌బాక్సు, వెనక ఆక్సిలు మార్చేముందు

సంక్రాంతి వెళ్ళిన వారానికి అంతర్వేది వైపు కుర్రాడొకడు వాళ్ళ తాతగారి కాంటెస్సా తోలుకుని పాలకొల్లులో మా లేతు షాపుకొచ్చాడు. డిక్కీ తీస్తే గోనెసంచి మీద అయిదు గేర్ల గేర్‌బాక్సు, పక్కనే గుడ్డలో చుట్టిన క్రౌను, పినియను, అంటే వెనక ఆక్సిలు మధ్యలో ఉండే పెద్ద పళ్ళ చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం. "బాబాయ్‌గారండీ, ఈ రెండూ ఎక్కించెయ్యాలండి" అన్నాడు. క్రౌనుకి ఎన్ని పళ్ళు, పినియనుకి ఎన్ని పళ్ళు అనడిగాను. తెలియదన్నాడు. పోనీ ఇప్పుడు బండిలో ఉన్నదానికి ఎన్ని? అదీ తెలియదు. టీ తాగించి, చేతికో సుద్దముక్క ఇచ్చి, ముందు లెక్కపెట్టుకుని రమ్మన్నాను. ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ బండంటే నాకు ప్రాణం. తెలియక చేసిన పనికి అది పాడవడం చూడలేను.

ముందు మీ దగ్గరున్నది ఏ కాంటెస్సానో తేల్చుకోండి. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1984లో మొదలెట్టి 2002 దాకా చేశారు. బాడీ ఇంగ్లండు వాక్సాల్ విక్టర్‌ది. పొడుగాటి ముక్కు, వెడల్పాటి ఒళ్ళు, వెనక చక్రాలకి లాగుడు. అందుకే మనవాళ్ళు దీన్ని మన దేశపు మజిల్ కారు, అంటే కండబలం ఉన్న కారు, అంటారు. అయితే మొదట్లో వచ్చినవాటిలో ఉన్నది అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ ఇంజినే. 50 హార్స్ పవర్‌కి అటూ ఇటూ, నాలుగు గేర్లు. ఆ తరవాత ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిను వచ్చింది. దాంతోపాటు అయిదు గేర్ల డబ్బా వచ్చింది. రెండిటికీ పైకి ఒకే రూపం. లోపల మాత్రం మార్చాల్సినవి పూర్తిగా వేరు.

గేరు నిష్పత్తి అంటే కంగారుపడేవాళ్ళకి నేను రొయ్యల చెరువు చూపిస్తాను. భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీద నిలబడ్డా ఏరేటరు కనిపిస్తుంది. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. నీళ్ళు కొట్టే రెక్కల చక్రం 100కి దగ్గర్లో తిరుగుతుంది. మధ్యలో ఉన్న గేర్‌బాక్సు వేగాన్ని 14, 15 వంతులకి తగ్గించి, ఆ మేరకి బలం పెంచుతోంది. మొదటి గేరులో మీ కారు చేసే పనీ దాదాపు అంతే. కాకపోతే ఆ తగ్గింపు ఒకచోట జరగదు. కొంత ముందు గేర్‌బాక్సులో, మిగతాది వెనక క్రౌను, పినియను దగ్గర. చక్రానికి చేరేది ఆ రెండిటి గుణకారం. ఇది మనసులో పెట్టుకుంటే ఒకదాన్ని వదిలేసి రెండోదాని గురించి ఆలోచించడం మానేస్తారు.

కొలవాల్సినవి మూడు.

మొదటిది టైరు. సరిపడా గాలి పట్టించి, టైరు మీద సుద్దతో గీత గీసి, అదే చోట నేల మీద ఇంకో గీత గియ్యండి. బండిలో మనిషి కూర్చుని ఉండగా తిన్నగా ఒక చుట్టు తోసి, మళ్ళీ గీత కిందకొచ్చినచోట గుర్తుపెట్టి టేపుతో కొలవండి. టైరు మీద రాసిన సైజు నుంచి లెక్కకట్టడం కంటే ఇదే నిజం చెబుతుంది, ఎంచేతంటే బరువుకి టైరు కాస్త నొక్కుకుంటుంది.

రెండోది ఆక్సిలు. ముందు చక్రాలకి రెండువైపులా చెక్కలు అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదలండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, కింద స్టాండు పెట్టండి. జాకీని నమ్ముకుని బండి కిందకి దూరకండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతుంటే, ఇంకొకరు ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే గేర్‌బాక్సు నుంచి వెనక ఆక్సిలుకి వెళ్ళే పొడుగాటి గొట్టం, ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. షాఫ్టు నాలుగున్నర పైచిలుకు తిరిగితే మీది 4.55 దరిదాపుల్లో ఉంది. రెండు చుట్లు ఎందుకంటే, రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి, వెనక చక్రాలు రెండిటికీ చుట్లు పంచే డిఫరెన్షియల్ దానికి రావాల్సిన చుట్లు కూడా దీనికే ఇస్తుంది. క్రౌను బయట ఉంటే ఇంకా తేలిక. క్రౌను పళ్ళని పినియను పళ్ళతో భాగించండి. 41ని 9తో భాగిస్తే 4.55. 43ని 11తో భాగిస్తే 3.9.

మూడోది గేర్‌బాక్సు. బయట ఉన్నదైతే బల్ల మీద పెట్టి ఒక్కొక్క గేరులో ఇన్‌పుట్ షాఫ్టు తిప్పి అవుట్‌పుట్ లెక్కపెట్టండి. మొదటి గేరులో 7 చుట్లు తిప్పితే అటు 2 తిరిగాయంటే 3.5. అయిదో గేరులో 17 తిప్పితే 20 తిరిగాయంటే 0.85. ఇంజిను కంటే షాఫ్టు ఎక్కువ తిరుగుతోందన్నమాట. దాన్నే ఓవర్ డ్రైవు అంటారు.

ఇప్పుడు లెక్క. నిమిషానికి ఇంజిను చుట్లని 60తో, టైరు చుట్టుకొలత మీటర్లతో గుణించి, 1000తో భాగించి, ఆ వచ్చినదాన్ని గేరు నిష్పత్తితో, ఆక్సిలు నిష్పత్తితో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. టైరు 1.92 మీటర్లు అనుకుందాం. నాలుగో గేరు నేరు లాగుడు, అంటే 1. ఆక్సిలు 4.55 అయితే 80 వేగానికి ఇంజిను 3160 చుట్లు తిరగాలి. అదే నాలుగు గేర్ల డబ్బా ఉంచి ఆక్సిలు 3.9 వేస్తే 2710 చాలు. ఆక్సిలు ముట్టుకోకుండా 4.55 మీదే ఉంచి 0.85 అయిదో గేరు వేస్తే 2690. చూశారా, రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరాయి. పై వేగం దగ్గర తేడా లేదు.

తేడా అంతా కింద ఉంది. మొదటి గేరు 3.5 అనుకుంటే, 4.55 ఆక్సిలుతో మొత్తం తగ్గింపు 15.9. కాలు ఎత్తేసి ఇంజిను 800 మీద ఆడుతుంటే బండి గంటకి 5.8 కిలోమీటర్లు పాకుతుంది. 3.9 వేస్తే తగ్గింపు 13.65. అదే 800 మీద 6.75 కిలోమీటర్లు. ఈ ఒక్క కిలోమీటరుకి ఇంత చర్చెందుకు అంటారేమో, మన రోడ్లు గుర్తుతెచ్చుకోండి. మాసూళ్ళ రోజుల్లో రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. మిగతా సగంలో గడ్డి ట్రాక్టరు. ఏటిగట్టు మీద ఎదురుగా బస్సొస్తే ఇద్దరిలో ఒకరు గట్టు అంచుకి ఒరగాలి. అక్కడ బండి మనిషి నడకతో సమానంగా పాకాలి. పాకలేకపోతే ఆ తేడా అంతా క్లచ్ ప్లేటు మోస్తుంది.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. 2009లో నా సొంత బండికి, నాలుగు గేర్ల 1.5 ఇంజినుది, ఆక్సిలు ఒక్కటే ఎత్తు నిష్పత్తిది, అంటే 3.9 లాంటి చిన్న అంకెది, మార్చాను. తాడేపల్లిగూడెం దాకా హైవే మీద హాయిగా వెళ్ళొచ్చాను. ఇంజిను చప్పుడు తగ్గింది, నాకు మహా సంతోషం. తరవాతి ఆదివారం రాజోలు పెళ్ళికి అయిదుగురం ఎక్కాం. చించినాడ వంతెన ఎక్కుడులో ముందు కొబ్బరికాయల లారీ. అది ఆగుతూ కదులుతూ వెళ్తోంది. మూడోసారి కదిలేసరికి కారు నిండా క్లచ్ వాసన. మా అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నెలలోనే పాత ఆక్సిలు మళ్ళీ ఎక్కించి, గేర్‌బాక్సు కోసం వెతకడం మొదలెట్టాను.

డెల్టాలో కొండలు లేవు కదా, ఎత్తు ఆక్సిలు వేస్తే ఏం పోయింది అని చాలామంది అంటారు. కొండలు లేకపోవచ్చు, వంతెనలున్నాయి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ దాటకుండా కోనసీమలో ఎటు వెళ్తాం? అందుకని నా మాట ఇది. మీది నాలుగు గేర్ల బండి అయి, మీరు సగం కాలం గట్లమీదా ఊళ్ళలోనూ, సగం కాలం ఎన్‌హెచ్ 16 మీదా తిరిగేవాళ్ళయితే, డబ్బులు ముందు గేర్‌బాక్సు మీద పెట్టండి, ఆక్సిలు నిష్పత్తి ఉన్నదే ఉంచండి. ఇసుజు ఇంజినుతో అయిదు గేర్లు ముందే ఉండి, బండి ఎక్కువగా హైవే మీదే ఉండేదయితే అప్పుడు ఆక్సిలు గురించి ఆలోచించవచ్చు. 3.9కి 0.85 తోడైతే 80 దగ్గర 2300 చుట్లే. 1.8 ఇంజిను అంత తక్కువలో కూడా లాగుతుంది. 1.5 ఇంజిను లాగలేదు, ఎదురుగాలి వస్తే చాలు నాలుగులోకి దిగాలి. అయిదో గేరు ఉండీ వాడలేని బండి అవుతుంది.

అమెరికాలో అసలు మజిల్ కార్ల వాళ్ళు కూడా ఇదే చేస్తారు. 1960ల జీటీఓ, షెవెల్ లాంటి బండ్లలో మన్సీ నాలుగు గేర్ల డబ్బా, నాలుగోది 1. దానికి 3.73, 4.10 లాంటి ఆక్సిలుతో హైవే మీద ఇంజిను మోత. ఇప్పుడు వాటికి ట్రెమెక్ అయిదు గేర్లవి వేసుకుని, ఆక్సిలు అలాగే ఉంచుకుంటున్నవాళ్ళు బోలెడు మంది. కింద ఊపు అలాగే ఉంటుంది, పైన ఇంజిను చల్లబడుతుంది. కాకపోతే వాళ్ళ ఇంజిన్ల బలం వేరు. అందుకే ఫోర్డ్ 9 అంగుళాల ఆక్సిలు, డానా 60 లాంటి బరువైన ఆక్సిళ్ళు వాళ్ళకి కావాలి. మన ఇసుజు ఇంజిను 88 హార్స్ పవర్‌కి ఆ బరువు అక్కర్లేదు. బండి కింద బరువు పెరిగితే గతుకుల్లో వెనకభాగం ఎగిరిపడుతుంది.

గేర్‌బాక్సు కొనేటప్పుడు చూడాల్సినవి చెబుతాను. బీఎంసీ ఇంజిను వెనక బోల్టుల అమరిక వేరు, ఇసుజుది వేరు. ఇసుజు డబ్బాని 1.5 ఇంజినుకి తగిలించాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. ఆ ప్లేటు చెయ్యడం లేతు మీద కష్టమేం కాదు. కేంద్రం కుదరడమే కష్టం. ఫ్లైవీలుకి డయల్ గేజి, అంటే వెంట్రుకవాసి తేడా చూపే ముల్లు మీటరు, బిగించి, బెల్ హౌసింగు (క్లచ్‌ని కప్పే డొప్ప) కన్నం చుట్టూ తిప్పి చూడండి. 0.1 మిల్లీమీటరుకి మించి ఆడితే సరిచెయ్యాలి. ఇది చూడకుండా బిగించేసిన బండ్లలో క్లచ్ నొక్కినప్పుడు అదురు, కొన్నాళ్ళకి ఇన్‌పుట్ బేరింగు మోత. తరవాత ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్లకి (షాఫ్టు పొడుగునా ఉండే గాళ్ళకి) సరిపోయే క్లచ్ ప్లేటు, షాఫ్టు మూతి కూర్చునే క్రాంకు బుష్షు, గేరు రాడ్డు పైకొచ్చే చోటు, వెనక మౌంటింగు, స్పీడోమీటరు కేబులు. ఈ అయిదూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. విజయవాడ ఆటోనగర్ వెళ్ళినా, కాకినాడ వెళ్ళినా డబ్బా ఒక్కటీ కొనకండి. దాంతో వచ్చిన ఫ్లైవీలు, క్లచ్, మౌంటింగు, ప్రొపెల్లర్ షాఫ్టు ముందు యోకు (గేర్‌బాక్సులోకి జారే షాఫ్టు మూతి), అన్నీ కలిపి బేరమాడండి. యోకు ఒక్కటి వదిలేసినా దానికోసం మళ్ళీ బస్సెక్కాలి.

డబ్బా బాగుందో లేదో తెలియాలంటే ఆయిలు బిళ్ళ విప్పి, వేలు పెట్టి చూడండి. నూకలాంటి ఇనుప ముక్కలు తగిలితే వదిలెయ్యండి. పసుపు మెరుపు కాస్త ఉంటే అది గేర్లు తేలిగ్గా పడేట్టు చేసే సింక్రో రింగుల అరుగుదల, బాగుచేయించుకోవచ్చు. అవుట్‌పుట్ షాఫ్టు పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. రివర్సు పళ్ళ మూలలు విరిగాయేమో చూడండి, ఎక్కువ దెబ్బలు తినేది అవే.

ఇక ఆక్సిలు. దీని దగ్గర కాస్త ఓపిక పట్టండి, బండ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. క్రౌనూ పినియనూ జంటగా అరగదీసి చేస్తారు. రెండిటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. ఎవరి జంట వాళ్ళదే. ఒకసారి నేనొక పాత సామాను కొట్లో నంబర్లు తుప్పులో కనపడక, కొట్టాయన మాట మీద తెచ్చుకున్నాను. 50 నుంచి 70 మధ్య సన్నగా ఈలవేసేది. పళ్ళు ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చోలేదనుకుని రెండుసార్లు విప్పి బిగించాను. నాలుగు నెలలకి పళ్ళ చివర్లు పెచ్చులూడాయి. వైరు బ్రష్షుతో తుడిచి చూస్తే క్రౌను మీద ఒక నంబరు, పినియను మీద ఇంకో నంబరు. ఇప్పుడు కిరసనాయిలు, వైరు బ్రష్షు వెంట తీసుకెళ్ళి అక్కడే తుడిచి చూస్తాను.

బిగించేటప్పుడు పినియను లోతు దాని షిమ్ములతో, అంటే సన్నటి రేకు బిళ్ళలతో, క్రౌను దగ్గర ప్లే, అంటే పళ్ళ మధ్య వదులు, పక్క షిమ్ములతో కుదురుతుంది. ప్లే మామూలుగా 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. చేత్తో ఆడించి బాగుందనకండి, డయల్ గేజి పెట్టండి, క్రౌను చుట్టూ నాలుగుచోట్ల చూడండి. తరవాత పళ్ళకి నీలం మందు పూసి తిప్పితే ముద్ర పంటి మధ్యలో పడాలి. పంటి మొదట్లోకి దిగిపోతే పినియను లోతెక్కువైంది, అంచుకి ఎక్కితే లోతు చాలలేదు. ఈ పనికి ఒక పూట పడుతుంది. గంటలో చేసేస్తామనేవాళ్ళకి ఇవ్వకండి.

చాలామందికి అసలు మార్చాల్సిన అవసరమే ఉండదు, మోత వస్తోందని మార్చేస్తారు. మోత ఎక్కడిదో విని తెలుసుకోండి. యాక్సిలరేటరు తొక్కితే వచ్చి, వదిలితే మారిపోయే ఈల క్రౌను పినియనుది. తొక్కినా వదిలినా ఒకేలా ఉండి, బండి ఓ పక్కకి ఒరిగినప్పుడు పెరిగే గుర్రుమోత చక్రం బేరింగుది. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు టక్ మంటే ముందు షాఫ్టు క్రాసులు, అంటే దాని చివర్ల కీళ్ళు, చూడండి. వేగంతోపాటు పెరిగే అదురయితే షాఫ్టు బ్యాలెన్సు. వెయ్యి రూపాయల క్రాసు మారిస్తే పోయే చప్పుడికి ఆక్సిలు దింపినవాళ్ళని నేను చూశాను, వాళ్ళ డబ్బు చూస్తే నాకే బాధేసింది.

ఇంజిను బలం పెంచినవాళ్ళు ఆక్సిలు రాడ్లు బయటికి లాగి స్ప్లైను గీతలు చూడండి. గీతలు తిన్నగా ఉండాలి. మెలితిరిగినట్టుంటే ఆ రాడ్డు ఇవాళో రేపో విరుగుతుంది. 130 న్యూటన్ మీటర్ల ఇంజిను మొదటి గేరులో 15.9 రెట్లంటే 2000 పైన బలం ఆ రెండు రాడ్ల మీదే పడుతుంది. ఇంకో బండి ఆక్సిలు మొత్తంగా తెచ్చి వెయ్యాలనుకుంటే డ్రమ్ము నుంచి డ్రమ్ముకి వెడల్పు, చక్రం బోల్టుల అమరిక, స్ప్రింగు కూర్చునే చోటు కొలవండి. క్వాలిస్, టవేరా ఆక్సిళ్ళు కమాను కట్టలకి చేసినవి. కాంటెస్సాది కాయిల్ స్ప్రింగు. బ్రాకెట్లు కోసి అతికించాల్సి వస్తుంది, అతుకులో కోణం తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది. వానాకాలం నల్లమట్టిలో ఒక చక్రమే తిరిగిపోతోందని డిఫరెన్షియల్‌ని వెల్డింగ్ చేయించడం మాత్రం వద్దు. తారురోడ్డు మీద ప్రతి మలుపులో టైరు ఈడుస్తుంది, చివరికి రాడ్డు విరుగుతుంది.

మా డెల్టాకే ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది, నీళ్ళు. నలభై కిలోమీటర్లు వచ్చిన ఆక్సిలు లోపల వేడిగా ఉంటుంది. ఆ వేడి మీద లంక రోడ్డులో మోకాటి లోతు నీళ్ళలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు ఊపిరి గొట్టం నుంచో సీలు నుంచో నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. ఆయిలు పాలు పోసిన టీలాగా అయిపోతుంది. అలా ఉంచితే బేరింగులు తుప్పు పడతాయి. చెరువుల దగ్గర ఉప్పునీళ్ళయితే ఇంకా తొందరగా. కాబట్టి ఆక్సిలు దింపినప్పుడే ఆ ఊపిరి బిళ్ళ తీసి, మంచి రబ్బరు గొట్టం తగిలించి, డిక్కీ ఎత్తుకి తీసుకెళ్ళి, మూతి కిందకి వంచి కట్టండి. చిన్న పని, చాలా కాలం కాపాడుతుంది.

గేర్‌బాక్సు పొడుగు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు కోసి అతకాలి. బండి చక్రాల మీద నిలబడి ఉండగానే కొలవండి, జాకీ మీద కొలిస్తే తప్పుతుంది. ముందు యోకు ఇంకా 20, 25 మిల్లీమీటర్లు లోపలికి జారే చోటుండాలి. రెండు చివరల క్రాసులు ఒకే వరసలో ఉండాలి. గేర్‌బాక్సు తోకా, పినియను ముక్కూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అతికాక బ్యాలెన్సు తప్పనిసరి.

ఆయిలు విషయంలో రెండిటికీ ఒకటే పోసెయ్యకండి. వెనక క్రౌనుకి జీఎల్-5 రకం ఆయిలు కావాలి. గేర్‌బాక్సులో ఇత్తడి సింక్రో రింగులుంటాయి కాబట్టి జీఎల్-4. జీఎల్-5లో కలిపే గంధకం మందు ఇత్తడిని తినేస్తుంది.

ఇంజిను కూడా మార్చేట్టయితే ముందు ఆర్టీవో అనుమతి తెచ్చుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 దాని గురించే. పని మొదలెట్టక ముందే కాగితం చేతిలో ఉంటే నిశ్చింత.

బిగించాక మొదటి 800 కిలోమీటర్లు కొత్త క్రౌనుని బరువుతో, ఎక్కువ వేగంతో నడపకండి. మొదటి రోజు 20 కిలోమీటర్లు తోలి, ఆపి, చల్లారనివ్వండి. 800 తరవాత ఆయిలు దింపి కొత్తది పొయ్యండి. గేరు మార్చినా టైరు మార్చినా స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. ఫోనులో జీపీఎస్ వేగంతో ఒకసారి పోల్చి, తేడా డ్యాష్‌బోర్డు మీద రాసుకోండి.

ఆ కుర్రాడు మర్నాడు పొద్దున్నే సుద్దగీతల లెక్కతో వచ్చాడు. బండిలో 41కి 9. గుడ్డలో ఉన్నది 43కి 11, జత నంబర్లు కలిశాయి. డబ్బా అయిదో గేరు 0.85. వాడిది 1.5 ఇంజిను. రోజూ అంతర్వేది నుంచి రాజోలు దాకా ఊళ్ళ మీదుగా తిరుగుడు, నెలకోసారి రాజమండ్రి. గేర్‌బాక్సు ఒక్కటే ఎక్కించాం. క్రౌనూ పినియనూ గ్రీజు పూసి, నూనె కాగితంలో చుట్టి మా షాపు అటక మీద పెట్టాను. ఇసుజు ఇంజిను దొరికిన రోజున దింపుతాం.